తలుపు వెయ్యని అక్షరాలు

హామీపత్రంలో ఉన్నవి రెండే రెండు వాక్యాలు. ‘రేవు అనే ఈ తెలుగు ఫాంటులోని అక్షరాల రూపకల్పన పూర్తిగా నా ఒక్కరిదే. ఇందులో మరెవ్వరికీ ఎటువంటి హక్కూ లేదు.’ కింద పేరుకి ఒక గీత, సంతకానికి ఒక గీత. శైలజ మూడుసార్లు చదివింది. మొదటిసారి బాగానే ఉంది. రెండోసారి ‘నా ఒక్కరిదే’ దగ్గర కళ్లు ఆగిపోయాయి. మూడోసారికి అరచేతులు చెమర్చి కాగితం అంచు మెత్తబడింది.

“పెన్ను కావాలాండీ?” అన్నాడు గోవింద్.

గోవింద్ విజయనగరంలో పుస్తకాలు వేసే మనిషి. పుస్తకం అమ్ముడుపోకపోయినా ఫరవాలేదు గానీ చూడ్డానికి ముచ్చటగా ఉండాలంటాడు. అందుకే ఆయన తల మీద మిగిలిన వెంట్రుకలకన్నా గోడౌనులో మిగిలిన పుస్తకాలే ఎక్కువని ఊళ్లో అంటారు. ఇప్పుడాయన వేస్తున్నది ఉత్తరాంధ్ర వంటల పుస్తకం, నాలుగువందల పేజీలు. అట్ట మీది శీర్షికా, లోపల వంటల పేర్లూ అన్నీ శైలజ గీసిన కొత్త ఫాంటులోనే ఉంటాయి. పుస్తకం బావుంటే హైదరాబాదు వారపత్రిక ఒకటి తమ శీర్షికలకి కూడా ఇదే తీసుకుంటామంది. శుభలేఖలూ, షష్టిపూర్తి ఫ్లెక్సీలూ చేసుకునే శైలజ పేరు ఒక పుస్తకంలో ‘అక్షర రూపకల్పన’ అన్న మాట పక్కన పడబోతోంది. ఆ మాట ఆమె ఎవరికీ చెప్పుకోలేదు గానీ, బట్టలు ఆరేస్తూ, కూర కలుపుతూ లోలోపల చాలాసార్లు అనుకుంది.

గోవింద్ అట్ట నమూనాని కిటికీ వెలుగులోకి తిప్పాడు. అక్షరాలు అరచెయ్యంత ఉన్నాయి. కిందికి దిగే గీత లావుగా, నల్లగా, బలంగా దిగుతోంది. అడ్డంగా తిరిగేసరికి అదే గీత వెంట్రుకలా సన్నబడిపోతోంది. గీత ఆగేచోట చిన్న పాదం, మనిషి నిలదొక్కుకున్నట్టు. అన్నిటికన్నా చిత్రం, ఆ సన్నగీత చుట్టూ తిరిగొచ్చి లావుగీతని తాకబోయేచోట నువ్వుగింజంత ఖాళీ. ప్రతి అక్షరంలోనూ అంతే, దగ్గరిదాకా వస్తుంది, తాకదు.

“దీని ప్రాణమంతా ఈ ఖాళీలో ఉందండీ,” అన్నాడు గోవింద్. “ఎన్ని బోల్డు ఫాంట్లు చూడలేదు! ఇది ఎవరికీ తట్టలేదు. మీకెలా తట్టింది?”

“అలా... వచ్చిందండి,” అంది శైలజ. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, జారని చున్నీని సర్దుకుంది. “ఇంట్లో మాట్లాడి సంతకం పెడతానండి.”

“శుక్రవారం మధ్యాహ్నానికి నా చేతిలో ఉండాలి. శనివారం అచ్చు ప్లేట్లు తీయించాలి. ఇంకోమాట, పేరు మాత్రం ఒక్కటే. ఇద్దరు ముగ్గురి పేర్లుంటే హైదరాబాదు వాళ్లు ముట్టుకునేది లేదన్నారు. రేపెవరో వచ్చి నాదంటే తలనొప్పి కదా.”

సోమవారం సాయంత్రం శ్రీకాకుళం బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఫోనులో పాత ఫొటోలు తీసింది. కళింగపట్నం తీరం, రెండేళ్ల కిందటి జూన్ పదమూడు. ఇసకలో వరసగా ఎనిమిది పడవలు, తడి ఆరీ ఆరని రంగులు, ముక్కుల మీద పేర్లు. లావుగీత, సన్నగీత, పాదం, ఆ నువ్వుగింజంత ఖాళీ. అన్నీ అక్కడే ఉన్నాయి. చుట్టాలతో సముద్రం చూడ్డానికి వెళ్లి, సముద్రం చూడకుండా పద్నాలుగు ఫొటోలు తీసుకొచ్చింది. రాసింది ఎవరని ఆవేళ అడగలేదు. ఆ తర్వాత అడగాలని తోచలేదంటే అబద్ధం, అడగడానికి ధైర్యం చాల్లేదు.

అరసవల్లిలో గుడికి వెళ్లే దారిలో వాళ్ల డీటీపీ షాపు. భర్త నాగబాబు ఫ్లెక్సీ అంచులు కత్తిరిస్తూ అంతా విన్నాడు.

“సంతకం పెట్టీవే. పడవ మీద పేరు రాసినోడు కోర్టుకెల్తాడేటి?”

“అది కాదు.”

“మరేటి? పాతిక అచ్చరాలు సూసి ఆర్నూటెనభై గీసినావు. ఒత్తులూ గుణింతాలూ అన్నీ నీ బుర్రలోంచి తీసినావు. రెండేళ్లు కళ్లు పాడుసేసుకున్నావు. నీవి కాకపోతే ఎవులివి?”

“ఆ పాతికా ఎవరివి మరి?”

నాగబాబు కత్తెర ఆపాడు. మంచి ప్రశ్న వేస్తే ఒప్పుకునే గుణం ఉంది ఆ మనిషికి. “అయితే ఎల్లి అడుగు. అడిగితే నా పేరెట్టమంటాడు. పేరెడితే ఈల్లు ముట్టుకోరు. పేరెట్టనని మొకమ్మీద సెప్పడానికి బస్సెక్కి ఎల్తావా?”

శైలజ భయం సరిగ్గా అదే. అయినా మంగళవారం పొద్దున్నే బస్సెక్కింది.

కళింగపట్నంలో దిగి ఇసకలోకి నడిచాక ఆమెకి ముందు కోపం వచ్చింది. పడవలు అవే, పేర్లు అవే, కానీ అక్షరాలని ఎవరో పాడుచేశారు. ఎంతో ఒద్దికగా వదిలిన ఆ ఖాళీల్లో రంగు పులిమేశారు. ఒకచోట ఎర్ర చుక్క, ఒకచోట నీలం మరక, ఇంకోచోట పసుపు కారి ఎండిపోయింది. అంత మంచి పనిమంతుడి గీతల మీద ఈ వెధవ పని చేసిన చేతులేవో గానీ, కాస్త చదువూ సంస్కారం ఉండక్కర్లేదా అనుకుంది. అడక్కుండా ఫొటోలు తీసుకున్న మనిషికి సంస్కారం గుర్తొచ్చింది చూడండి!

వలలు పరిచిన చోట ఒకావిడ ఎండుచేపలు తిరగేస్తోంది. యాభై దాటిన మనిషి, నడుముకి కొంగు బిగించి, ఒక్కో చేపనీ తోక పట్టుకుని ఒడుపుగా మళ్లిస్తోంది. ఎవరో పిలిస్తే ‘బుల్లమ్మా’ అన్న పేరు వినబడింది.

“ఈ పడవల మీద పేర్లు ఎవరు రాస్తారమ్మా?” అని అడిగింది శైలజ.

“అప్పలసూరి మావ. అదుగో, ఆ తెల్ల పడవ కాడ ఉన్నాడు. బేగి ఎల్లు, ఎండెక్కితే కుంచె కడిగీస్తాడు,” అంది బుల్లమ్మ తల ఎత్తకుండానే.

అప్పలసూరికి అరవై అయిదు ఉంటాయి. ఫైబరు పడవ పక్కన గొంతుక్కూర్చుని నంబరు వేస్తున్నాడు. చదును కుంచెని ఎనామిల్‌లో ముంచి, డబ్బా అంచుకి రెండువైపులా తుడిచి, ఊపిరి బిగబట్టి ఒక్క లాగు లాగాడు. కిందికి లాగుతుంటే గీత లావుగా వచ్చింది. మణికట్టు తిప్పగానే కుంచె అంచు మీద నిలబడి గీత దారంలా సన్నబడింది. కంప్యూటరు మీద ఆ మలుపు కోసం శైలజ నాలుగు నెలలు కుస్తీ పట్టింది.

“ఏ ఊరు తల్లీ? పడవ పేరు రాయించాలేటి?”

“కాదు పెద్దయ్యా. అరసవల్లి నుంచి వచ్చాను. మీకు ఒకటి చూపిద్దామని.”

సంచీలోంచి నమూనా కాగితం తీసింది. అ నుంచి ఱ దాకా అక్షరాలన్నీ బొటనవేలంత సైజులో ఉన్నాయి. అతను చేతులు లుంగీకి తుడుచుకుని కాగితాన్ని మూలలు మాత్రమే పట్టుకున్నాడు. దూరంగా పెట్టి చూశాడు. తర్వాత చూపుడువేలిని కాగితానికి తగలకుండా గాలిలోనే అక్షరం మీద తిప్పడం మొదలెట్టాడు. లావుగీత దగ్గర వేలు వాలుతోంది, సన్నగీత దగ్గర లేస్తోంది. రెండు వరసలు అలా నడిచిన వేలు ఆగిపోయింది. మొహంలో అంతకుముందున్న కుతూహలం పోయింది.

“ఈటిని ఎవులు రాసినారు?”

“నేనే పెద్దయ్యా. మీ పడవల మీద చూసి గీశాను. మిమ్మల్ని అడక్కుండా.” చేదుమందు మింగినట్టు గబగబా అనేసి, తిట్లకి సిద్ధపడి నిలబడింది.

“అది సర్లే. నలుగురూ సూడ్డానికే గదా రాస్తాం. గానీ తల్లీ, ఇన్నేసి తలుపులు తీసుంచీసినావేటి?”

“తలుపులేంటి?”

అప్పలసూరి ఆ నువ్వుగింజంత ఖాళీని చూపించాడు. “ఇది. రెండు నెల్లు వేట మూసీస్తారు గదా, అప్పుడే పడవల్ని ఒడ్డుకెక్కించి రంగులేస్తాం. పేరు రాసినప్పుడు పెతీ అచ్చరానికీ కూసింత సందు వొదిలెట్టీస్తాను. వేట తెరిసినాక పడవ మొదటిసారి ఎల్లి సల్లగా తిరిగొస్తాది. అప్పుడు ఆ ఇంటి ఆడమనిషి యేలితో రంగెట్టి సందు మూసీస్తాది. మా గురువు పెట్టిన పద్ధతి, ఈ రేవులో నా సేతి పడవలకే ఉన్నాది. మనిషి ఇంటికి రాకుండా తలుపేసీసుకుంటామేటి?”

జూన్ పదమూడు అన్న తేదీ శైలజ తలలో గిర్రున తిరిగింది. వేట నిషేధం ముగియడానికి ఒక్కరోజు ముందు. ఆవేళ ఒడ్డున ఉన్న ఎనిమిది పడవలూ ఇంకా నీళ్లు ముట్టనివే. ఆమె చూసిందల్లా ఎదురుచూస్తున్న అక్షరాలని. ఇందాక పాడుచేశారని తిట్టుకున్న ఆ మరకలు, మొగుళ్లూ కొడుకులూ క్షేమంగా వచ్చారని ఆడవాళ్లు పెట్టిన వేళ్లు.

అప్పలసూరి కాగితాన్ని మళ్లీ పైనుంచి కిందిదాకా చూశాడు. “అ కాడ నుంచి ఒక్కటీ మూయనేదు. ఇన్ని పడవలెల్లి ఒక్కటీ తిరిగి రానేదా తల్లీ?”

శైలజ కాగితం కోసం చెయ్యి చాపింది. “మార్చేస్తాను పెద్దయ్యా. అన్నీ మూసేస్తాను. మీ పేరు కూడా వేస్తాను.” గోవింద్ మాట గుర్తుండగానే నోరు ఆ మాట అనేసింది.

అతను కాగితం మడవకుండా జాగ్రత్తగా తిరిగి ఇచ్చాడు. “వద్దు. ఈటికి నా పేరెట్టకు. ఆడవోల్లు సూస్తే నన్ను గుమ్మంలోకి రానివ్వరు.” అని కుంచె తీసుకుని మిగిలిన అంకె వెయ్యడానికి అటు తిరిగాడు.

పేరు వెయ్యమంటాడేమోనని ఆమె రాత్రంతా నిద్రపోలేదు. తీరా ఆ పేరు ఇస్తానంటే అతను వద్దన్నాడు. తేలు కుట్టిన దొంగలా పడవల వరస పొడుగునా నడిచి, రంగు పులిమిన ఖాళీలన్నిటికీ ఒక్కొక్కటిగా ఫొటోలు తీసుకుంది. ఈసారి బుల్లమ్మని అడిగే తీసింది. “తీసుకో, మాకేటి పోయింది,” అంది బుల్లమ్మ.

బుధవారం పొద్దున్న గోవింద్‌కి ఫోను చేసి సంగతి చెప్పింది.

“ఖాళీ తీసేస్తే ఇంకేం మిగిలిందండీ అందులో?” అన్నాడాయన. “లావుపాటి అక్షరాలు ఊరు నిండా ఉన్నాయి. చదివేవాళ్లకి ఈ పడవలూ తలుపులూ తెలుస్తాయా?”

“నాకు తెలిసిపోయిందండి,” అంది శైలజ. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. “రేపు సాయంత్రానికి కొత్తది పంపుతాను. రెండూ అచ్చుతీసి చూసి చెప్పండి.”

నాగబాబుకి మాత్రం వ్యవహారం తేలిపోయినట్టే అనిపించింది. “ఇంకేటి, ఆయనే వద్దన్నాడు గదా. పెట్టీ సంతకం.”

“వద్దన్నాడు కాబట్టే పెట్టలేకపోతున్నాను,” అంది. ఆ లెక్క అతనికి అర్థం కాలేదు. అయినా షాపు ఫోను తన దగ్గర పెట్టుకుని, ఆమె కుర్చీ దగ్గరికి ఎవర్నీ రానివ్వలేదు.

మొదట తేలికనుకుంది. సన్నగీత కొస పట్టుకుని కొంచెం లాగితే లావుగీతని తాకుతుంది, అంతే కదా. అ మూసింది, ఆ మూసింది, గ మూసింది. చూస్తే స్తంభానికి దారం కట్టినట్టుంది. కాస్త లావు చేస్తే అక్షరం మధ్యలో నల్లగా ముద్ద కట్టింది. చిన్న సైజులో అచ్చుతీస్తే క్ష, ఘ, ఱ పనసతొనల్లా అంటుకుపోయాయి. మధ్యాహ్నానికి నలభై అక్షరాలు మూసి, నలభైనీ చెరిపేసింది. రెండేళ్లు నిద్రమానుకుని చేసిన పని కళ్లముందే మొద్దుబారిపోతోంది. పుణ్యానికి పోతే పాపం ఎదురవడమంటే ఇదేనేమో అనిపించి ఏడుపొచ్చింది. ఏడిచింది కూడా, నాగబాబు టీ కోసం వెళ్లినప్పుడు.

సాయంత్రం దీపాలు పెట్టేవేళ ఆ వేళ్ల ఫొటోలు తీసి తెరనిండా పెద్దవి చేసింది. మరకలనుకున్నవాటిని మొదటిసారి అక్షరాల్ని చూసినట్టు చూసింది. ఒకామె వేలు భయంభయంగా తాకి ఆగిపోయింది. ఒకామె రెండుసార్లు అద్దింది. ఒక్క పడవ మీద మాత్రం, నీలం రంగుది, వేలు లావుగీత మీద గట్టిగా ఆని, ఎడమవైపుకి వాలుగా జారి, సన్నగీతలో కలిసేసరికి తేలిపోయింది. ఆనినచోట గుండ్రంగా ఉంది, తేలినచోట సన్నగా ఉంది. తాను పొద్దున్నించి తంటాలు పడుతున్న అతుకు అక్కడ తీరిగ్గా ఎండి కూర్చుంది.

ఆ వాలుని బిందువు బిందువుగా గీసుకుంది. అ లో పెట్టింది. అక్షరం ముద్ద కట్టలేదు, ఊపిరి పీల్చినట్టు తేటపడింది. ల లో పెట్టింది, న లో పెట్టింది. లావుగీతల లోపలి అంచుల్ని గోరుగీతంత చెక్కి వెలుతురు రానిచ్చింది. గురువారం మధ్యాహ్నం మూడింటికి ఆఖరి ఒత్తు మూసి, ఫైలు గోవింద్‌కి పంపి లేస్తే మెడ అటూ ఇటూ తిరగలేదు.

ఆరింటికి గోవింద్ ఫోను చేశాడు. కాసేపు సణిగాడు. ఖాళీ ఉన్నదే అందంగా ఉందన్నాడు. తర్వాత గొంతు సవరించుకుని, “కానీ వంటల జాబితాలో చిన్న సైజులో పాతది తెగిపోతోందండీ. ఇది నిలబడుతోంది. ఇదే వేద్దాం. రేపు మధ్యాహ్నం కాగితం మర్చిపోకండి. పేరు ఒక్కటే, గుర్తుందిగా?”

“గుర్తుందండి,” అంది శైలజ.

శుక్రవారం మొదటి బస్సుకే కళింగపట్నం వెళ్లింది. అక్కణ్నించి మధ్యాహ్నానికి విజయనగరం చేరాలి. సంచీలో కొత్త నమూనా, హామీపత్రం, పెన్ను ఉన్నాయి. కాగితం మీద పేరు గీత దగ్గర తన పేరు రాసి, పక్కన ఇంకో పేరు పట్టేంత చోటు వదిలింది. దానితో గోవింద్ ఏమంటాడో, హైదరాబాదు వాళ్లు ఏం చేస్తారో తలుచుకుంటే బస్సు కుదుపులకన్నా గుండె కుదుపులే ఎక్కువయ్యాయి.

అప్పలసూరి కాగితాన్ని అలాగే మూలలు పట్టుకుని చూశాడు. వేలు గాలిలో అక్షరాల మీద నడిచింది. ఈసారి ఆగకుండా చివరి వరస దాకా వెళ్లింది. “ఆఁ,” అన్నాడు. “అందరూ ఇంటికొచ్చీసినారు.” వేలు వెనక్కి తెచ్చి, “గుడి గీతకి పాదం బరువైపోనాది. అది కూసింత తగ్గించు,” అన్నాడు.

“తగ్గిస్తాను పెద్దయ్యా. ఇప్పుడు పేరు...”

“ఎట్టు. ఇప్పుడెట్టు.”

శైలజ పడవ అంచు మీద కాగితం ఆనించి, తన పేరు పక్కన ‘అప్పలసూరి’ అని రాసింది. రెండు పేర్లతో ఆ గీత నిండిపోయింది. నాలుగు రోజులుగా మెడమీద కూర్చున్న బరువు దిగినట్టయింది. విజయనగరంలో ఏమైనా కానీ, తాను చెయ్యాల్సిన న్యాయం చేసేసింది. ఆ సంతోషం పాపం ఒక్క నిమిషం కూడా నిలవలేదు.

చేపల బుట్ట నెత్తిన పెట్టుకుని అటుగా పోతున్న బుల్లమ్మ ఆగింది. బుట్ట దించి, కాగితం మీదికి వంగింది. “ఏటి మావా, ఏటి సూస్తన్నారు?”

“అచ్చరాలు. మన పడవలయ్యే. పొస్తకంలో యేస్తారంట.”

బుల్లమ్మ కళ్లు చికిలించి ఒక అక్షరం చూసింది. పక్కదాన్ని చూసింది. కింది వరస చూసింది. తర్వాత కుడిచేతి చూపుడువేలు చాపి అక్షరం పక్కన పెట్టింది. కత్తిపీట ఎప్పుడో కొస తీసేసినట్టుంది, ఆ వేలు చివర ఎడమవైపుకి ఏటవాలుగా ఉంది. అక్షరంలోని అతుకు కూడా అదే వాలు.

“ఇది నా యేలు,” అంది.

“నీకు సదువే రాదు గదే,” అన్నాడు అప్పలసూరి.

“సదువు రాదు. నా యేలు నాకు తెలవదేటి? ఆ నీలం పడవ మాదే గదా. ఇదుగో, ఇందులోనూ నాదే. ఇదీ నాదే. ఓలమ్మో, అన్నిట్లోనూ నా యేలే ఉన్నాది!”

శైలజ కాదనలేకపోయింది. ఆర్నూటెనభై అక్షరాల్లోనూ ఉన్నది ఆ ఒక్క వేలే. చిన్న సైజులో నిలబడుతోందని గోవింద్ అన్నది దాని మూలంగానే. బుల్లమ్మ నవ్వుతూనే కింద రాసి ఉన్న చోటుని చూపించింది.

“ఇక్కడేటి రాసినావు?”

“చేసినవాళ్ల పేర్లు. నాదీ, పెద్దయ్యదీ.”

బుల్లమ్మ ఆ గీతని ఈ కొస నుంచి ఆ కొసదాకా చూసింది. దెబ్బలాటకి అడిగినట్టు లేదు, బుట్టలో చేప తగ్గితే అడిగినట్టు మామూలుగా అడిగింది.

“మరి నాదో?”

గీత మీద చోటు లేదు. ఉన్న చోటల్లా పైన అచ్చయిన ఆ రెండు వాక్యాలదే. శైలజ వాటివంక చూసింది. ఒక్క పేరున్న శుభ్రమైన కాగితం కోసం విజయనగరంలో ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. రెండు పేర్లంటే బతిమాలుకోవచ్చు, వాక్యాలే కొట్టేస్తే ఈ కాగితం కాగితమే కాదు. కాగితాన్ని మళ్లీ పడవ అంచు మీద ఆనించింది. ‘పూర్తిగా నా ఒక్కరిదే’ మీద ఒక గీత గీసింది. రెండో వాక్యం మీద ఇంకో గీత గీసింది. కొట్టేసిన వాక్యాల కింది సందులో ‘బుల్లమ్మ’ అని రాసింది.

“రాశానమ్మా. బుల్లమ్మ అని.”

“ఇంటిపేరు నేకుండా ఉట్టి బుల్లమ్మేటి?” అంది ఆవిడ, బుట్ట నెత్తికెత్తుకోకుండా నిలబడే. “ఈ రేవులో బుల్లమ్మలు పదిమందున్నారు. మైలపిల్లి బుల్లమ్మని రాయి.”